పియానో లేని ఊళ్ళో పియానో క్లబ్ ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ. రాజోలు దగ్గర ఉంటున్నారు. మీ అమ్మాయి కీబోర్డు క్లాసులో చేరితే పక్కన కూర్చుని మీరూ నేర్చుకున్నారు. అమ్మాయి ఇంటర్‌కి విజయవాడ వెళ్ళిపోయింది, మీరు మాత్రం మానలేదు. నలభై రెండేళ్ళ వయసులో రోజూ రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కరే వాయించుకుంటున్నారు. మీలాంటివాళ్ళు పదిమంది నెలకోసారి కలిసి ఒకరికొకరు వినిపించుకునే క్లబ్ పెట్టాలని ఉంది. కానీ చుట్టుపక్కల ఎక్కడా పియానో లేదు, వాయించేవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలియదు, పిలిస్తే వస్తారో రారో అని టెన్షన్.

నేను పాలకొల్లులో పదకొండేళ్ళుగా ఇలాంటి బృందం నడుపుతున్నానండి. సంగీతం మాస్టర్ని కాను, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా లిస్టులో ముప్పై నాలుగు మంది ఉన్నారు. నెలనెలా వచ్చేది పన్నెండు మందో పదిహేను మందో. మధ్యలో రెండుసార్లు ఆగిపోయి మళ్ళీ నిలదొక్కుకున్నాం. ఎందుకు ఆగింది, ఎలా నిలబడింది అన్నది మీకు ఉపయోగపడుతుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు మనుషుల సంగతి. "పియానో వాయించేవాళ్ళు" అని వెతికితే మన వైపు ఎవరూ దొరకరు. నేనూ మొదట అలాగే వెతికాను. రెండు జిరాక్స్ షాపుల్లో "పియానిస్టుల క్లబ్" అని కాగితాలు అంటించాను. నెలరోజుల్లో రెండే ఫోన్లు వచ్చాయి, ఇద్దరూ ట్యూషన్ ఫీజు ఎంతని అడిగారు. ఆ తర్వాత నా కీబోర్డులో ఒక మెట్టు పలకడం మానేస్తే బాగుచేయించడానికి తీసుకెళ్ళాను. కీబోర్డులు, యాంప్లిఫయర్లు రిపేరు చేసే చిన్న గది అది. గోడ పొడవునా అరలు, అరల నిండా నిలబెట్టిన కీబోర్డులు. ప్రతిదాని మీద తెల్ల ప్లాస్టరు ముక్క, దాని మీద స్కెచ్ పెన్నుతో ఊరి పేరు: పోడూరు, ఆచంట, మొగల్తూరు, యలమంచిలి, శివకోడు. నేను నెలరోజులుగా వెతుకుతున్న మనుషులంతా ఆ అరల్లో ఉన్నారు. ఆ రిపేరు చేసే ఆయనకి ప్రతి కీబోర్డు వెనకా ఎవరున్నారో, ఎంత బాగా వాయిస్తారో కూడా తెలుసు. మీరు మొదట వెళ్ళాల్సింది అలాంటి మనిషి దగ్గరికే. రాజోలులోనో అమలాపురంలోనో తప్పకుండా ఒకరుంటారు.

మన డెల్టాలో వాయించేవాళ్ళు నాలుగు చోట్ల ఉంటారు. మొదటిది చర్చిలు. నర్సాపురానికి 1830ల్లోనే మిషనరీలు వచ్చారు. చర్చి పాటల అలవాటు ఈ ప్రాంతంలో అంత పాతది. ఇప్పుడు కీబోర్డు లేని చర్చి అరుదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు నొటేషన్ ఒక్క ముక్క రాకుండానే, పాడేవాళ్ళు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా వెంటనే పట్టుకుని రెండు గంటలు వాయించేస్తారు. రెండోది పద్యనాటకాల హార్మోనిస్టులు, భజన బృందాలవాళ్ళు. వీళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు. మూడోది పెళ్ళిళ్ళకి వెళ్ళే ఆర్కెస్ట్రాల కీబోర్డు ప్లేయర్లు. నాలుగోది పడమటి సంగీతంలో గ్రేడ్ పరీక్షలు రాసే పిల్లలు, వాళ్ళతో పాటు నేర్చుకున్న మీలాంటి తల్లిదండ్రులు. ఈ నలుగురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకరి ముందు ఒకరికి బెరుకు కూడా. గ్రేడ్ పిల్లకి చూడకుండా వాయించేవాళ్ళని చూస్తే భయం, చర్చి కుర్రాడికి కాగితం చూసి వాయించేవాళ్ళంటే భయం. ఈ రెండు భయాలూ ఒకే గదిలో కలిసినప్పుడే మీ క్లబ్ మొదలైనట్టు.

అందుకని పేరులో పియానో ఒక్కదాన్నే పెట్టకండి. మేము "కీబోర్డు, హార్మోనియం, పియానో వాయించేవాళ్ళ కలయిక" అని పెట్టుకున్నాం. పొడుగ్గానే ఉంటుంది. కానీ ఆ పేరు చూసి ఎవరూ ఇది మనకి కాదులే అనుకోలేదు.

ఇక వాయిద్యం. మీకు ఎవరో పాత పియానో ఉచితంగా ఇస్తామన్నారని రాశారు. మర్యాదగా వద్దని చెప్పండి. అసలు పియానోలో సుమారు 230 తీగలుంటాయి. అన్నీ కలిపి 15 నుంచి 20 టన్నుల బిగింపు ఆ ఇనుప చట్రం మీద ఉంటుంది. ఆ తీగల శబ్దాన్ని పెద్దది చేసేది వెనకాల ఉండే పల్చటి చెక్క పలక. గాలిలో తేమ నూటికి 45–50 ఉంటే దానికి హాయి. మన దగ్గర వానాకాలం పొద్దున్న 80 దాటిపోతుంది. చెక్క ఉబ్బుతుంది, తీగల బిగింపు మారుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఎండలు రాగానే మళ్ళీ కిందికి దిగుతుంది. పైగా ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, సుత్తుల మీది ఫెల్టుని పురుగు కొడుతుంది, మెట్లు బిగుసుకుపోతాయి. ట్యూన్ చేసే మనిషి చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో రావాలి. మూడో ఏడు మాకు ఒక పాత ఇంట్లోంచి అలాంటి పియానో వచ్చింది. ఆరుగురం మోసుకొచ్చాం. లోపల మూత తీస్తే అడుగున చెదపుట్ట ఉంది. దాని మీద ఏడాదిపాటు పెట్టిన డబ్బూ శ్రమా మొత్తం వృథా అయ్యాయి. ఆ ఏడాదే మొదటిసారి మా సభలు ఆగిపోయాయి.

88 మెట్ల డిజిటల్ పియానో ఒక్కటి సంపాదించండి, చాలు. కొత్తది నలభై, యాభై వేల దగ్గర మొదలవుతుంది, వాడినది ఇంకా తక్కువకి దొరుకుతుంది. చిన్న మోడళ్ళు 12 కిలోలకి అటూ ఇటూ ఉంటాయి, పొడవు నాలుగున్నర అడుగుల లోపు. ఆటోలో అడ్డంగా పెట్టి ఇద్దరు పట్టుకుంటే ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు. కరెంటు కూడా 20 వాట్ల లోపే తీసుకుంటుంది కాబట్టి మామూలు ఇంటి ఇన్వర్టరు మీద సభ అంతా నడిచిపోతుంది. మామూలు 61 మెట్ల కీబోర్డు సరిపోదా అంటే, ఒక్కరు వాయించుకోవడానికి సరిపోతుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఐదు స్థాయిలు ఇరుకైపోతాయి. అంతకన్నా ముఖ్యమైనది మెట్టు బరువు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకడమే పియానో గుణం. దాని మొదటి పేరులోనే ఆ సంగతి ఉంది, ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా, ఫోర్తే అంటే గట్టిగా. 1700 ప్రాంతంలో క్రిస్టోఫోరి అనే ఇటలీ పనివాడు తీగని సుత్తితో కొట్టించే ఏర్పాటు చేసింది ఆ తేడా కోసమే. బరువున్న మెట్లు లేకపోతే వేళ్ళకి ఆ తేడా ఎప్పటికీ అలవాటు కాదు. కొనేటప్పుడు షాపువాణ్ణి సౌండ్లు ఎన్ని ఉన్నాయని అడక్కండి, మెట్లకి హేమర్ యాక్షన్, అంటే సుత్తి బరువు వేలికి తెలిసే ఏర్పాటు, ఉందా అని అడగండి.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. మా రెండో సభకి డెబ్భై ఏళ్ళు దాటిన హార్మోనిస్టు ఒకాయన వచ్చారు. ముప్పై ఏళ్ళు నాటకాలకి వాయించిన చెయ్యి. పియానో ముందు కూర్చుని కుడిచేత్తో ఒక మెట్టు నొక్కి అలాగే పట్టుకున్నారు. శబ్దం వచ్చింది, మెల్లగా చచ్చిపోయింది. ఆయన వేలు తియ్యలేదు, చెవి దగ్గర పెట్టి విన్నారు. "ఇదేమిటండీ, ఊపిరి నిలబెట్టడం లేదు" అన్నారు. హార్మోనియంలో తిత్తి ఆడుతున్నంతసేపూ స్వరం నిలబడుతుంది కదా. రెండో నిమిషానికి నేను చూశాను, ఆయన ఎడమచెయ్యి పియానో వెనక వైపు గాలిలో ఊగుతోంది, తిత్తి కోసం. అది ఆయనకి తెలియనే తెలియదు. లేచిపోబోతుంటే, మొగల్తూరు నుంచి వచ్చిన చర్చి కుర్రాడు ఒకడు వెళ్ళి ఎడమ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "తాతగారూ, మీరు కుడిచేత్తో పద్యం వాయించండి, ఎడమచెయ్యి సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆయన మోహన రాగంలో ఎత్తుకున్నారు. కుర్రాడు కింద స్థాయిలో సా, పా పట్టుకుని, మధ్యమధ్య ఒక కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి నొక్కడం) వేస్తూ పెడల్ తొక్కాడు. పెడల్ పడగానే స్వరం నిలబడింది. ఆయన ముఖం అప్పుడు చూడాలి మీరు. ఆరేళ్ళపాటు ప్రతి నెలా వాళ్ళిద్దరూ కలిసే వాయించారు. ఇప్పుడు ఆయన లేరు. ఆ కుర్రాడు ఇంకా వస్తున్నాడు, మోహనం ఇప్పుడు రెండు చేతులూ తనే వాయిస్తాడు.

కలిసి వాయించడం అన్నప్పుడు అందరూ ముందు ఎవరి పాట వాళ్ళు వాయించడమే అనుకుంటారు. అది ఉండాలి, కాదనను. కానీ ఒకే పియానో మీద నాలుగు చేతులతో వాయించడం మొదటి రోజు నుంచే పెట్టండి. ఒంటరిగా వాయించడానికి గుండె ఆగిపోయేవాళ్ళు పక్కన మనిషుంటే వాయించేస్తారు. ఏమీ రానివాళ్ళకి కూడా ఒక దారి ఉంది. నల్లమెట్లు చూడండి, మూడూ రెండూ గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని సా అనుకుంటే, అంటే నాలుగున్నర శ్రుతి, నల్లమెట్లన్నీ కలిపి సరిగ్గా మోహనం. ఎక్కడ వేలు పెట్టినా అపస్వరం రాదు, ఎందుకంటే ఆ ఐదింటిలో అర్ధస్వరం దూరంలో రెండు మెట్లు లేవు. కొత్తవాళ్ళని కుడివైపు కూర్చోబెట్టి నల్లమెట్ల మీద నచ్చినట్టు వాయించమనండి. తెలిసినవాళ్ళు ఎడమవైపు సా, పా మాత్రం తాళంగా వేస్తుండాలి. సభ చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల్ని నేను ఇలాగే కూర్చోబెడతాను. వాళ్ళలో ఐదుగురు తర్వాత కీబోర్డు కొనుక్కున్నారు.

కాగితం చదవగలిగినవాళ్ళకి డయాబెల్లి అనే పడమటి స్వరకర్త నాలుగు చేతుల కోసం రాసిన ఓపస్ 149 మంచి మొదలు. అందులో శిష్యుడి భాగం ఐదు స్వరాల్లోనే ఉంటుంది, చెయ్యి కదపక్కర్లేదు, బరువంతా పక్కన కూర్చున్న గురువు భాగం మోస్తుంది. పాత రచన కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నాలుగు చేతుల వాయిద్యంలో రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. పెడల్ ఎప్పుడూ ఎడమవైపు కూర్చున్నవాళ్ళదే. మధ్యలో ఇద్దరి చేతులూ ఒకే చోటికి వస్తే ఎవరి చెయ్యి పైన, ఎవరిది కింద అన్నది పెన్సిల్‌తో కాగితం మీదే రాసుకోవాలి. మొదలుపెట్టే ముందు ఒక ఆవర్తం ఖాళీగా లెక్కపెట్టి, ఇద్దరూ కలిసి ఊపిరి తీసుకుని దిగాలి. నోటితో "వన్, టూ" అనుకోవడం కన్నా ఊపిరి బాగా పనిచేస్తుంది.

రెండు వాయిద్యాలు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. మనవాళ్ళలో చాలామంది అన్నీ సి స్కేల్లో వాయించి, పాడేవాళ్ళ శ్రుతికి ట్రాన్స్‌పోజ్ బటన్‌తో సరిచేసుకుంటారు. అది తప్పేమీ కాదు. కానీ ఒక సభలో ఒకరి కీబోర్డు ముందురోజు పెళ్ళిలో పెట్టిన రెండు మెట్ల ట్రాన్స్‌పోజ్‌తోనే వచ్చింది. ఇద్దరూ మొదలుపెట్టారు, ఇద్దరూ సరిగ్గానే వాయిస్తున్నారు, వినడానికి మాత్రం భరించలేకుండా ఉంది, తప్పు తనదేమోనని ఇద్దరూ కంగారుపడ్డారు. అప్పటినుంచి ఎవరు కూర్చున్నా ముందు ఒక్క సా నొక్కి ఇద్దరూ కలిపి వింటారు. హార్మోనియంతో కలిపితే ఇంకో మెలిక ఉంది. పాత హార్మోనియం శ్రుతి, ఇప్పటి కీబోర్డులు ప్రమాణంగా పెట్టుకునే 440 హెర్ట్జ్ మీద కచ్చితంగా ఉండదు, దాన్ని మార్చలేం కూడా. డిజిటల్ పియానోలో ట్యూనింగ్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్నే హార్మోనియం దగ్గరికి జరపాలి. పెద్దాయన దగ్గరికి మనమే వెళ్ళాలన్నమాట.

రోజు, వేళ. ఆదివారం పెట్టారంటే చర్చివాళ్ళందరూ పోయినట్టే. మేము రెండో శనివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నాం. బ్యాంకులకీ చాలా ఆఫీసులకీ సెలవు, రాత్రి ఆర్కెస్ట్రా ఉన్నవాళ్ళు కూడా వచ్చి వెళ్ళిపోవచ్చు. ఐదున్నరకి ముగించేస్తాం. నర్సాపురం రేవు దాటాల్సినవాళ్ళు పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) అందుకోవాలి కాబట్టి ఆ వేళ మారదు. మీకు కూడా సఖినేటిపల్లి మీదుగా వచ్చేవాళ్ళు ఉంటారు, గుర్తుపెట్టుకోండి. డిసెంబరులో సభ పెట్టం, చర్చి కుర్రాళ్ళకి క్రిస్మస్ ప్రాక్టీసుతో ఊపిరి సలపదు. దానికి బదులు ముక్కనుమ నాడు పెద్ద సభ పెడతాం. హైదరాబాద్, బెంగళూరు నుంచి ఊరొచ్చిన పిల్లలు అప్పుడు దొరుకుతారు. వాళ్ళు అక్కడ నేర్చుకున్నది ఇక్కడ వినిపిస్తారు.

చోటు విషయంలో కల్యాణమండపం ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. టైల్స్, సిమెంటు, ఎత్తైన కప్పు కలిసి ఒక స్వరం ఆగేలోపు ఇంకో స్వరం దాని మీద పడి అంతా ముద్దయిపోతుంది. పుస్తకాలూ బీరువాలూ ఉన్న లైబ్రరీ గది, పరుపులూ కర్టెన్లూ ఉన్న పెద్ద హాలు మేలు. మా అదృష్టం, ఒకరి మండువా లోగిలి దొరికింది. చెక్క స్తంభాలు, పెంకుల కప్పు, మధ్యలో ఆకాశం. ఒక శ్రావణంలో ఒకమ్మాయి చాలా నెమ్మదిగా ఉండే రచన వాయిస్తుంటే వాన మొదలై మండువాలో నాలుగు వైపుల నుంచీ ధారలు పడ్డాయి. ఆమె ఆపలేదు. వాన పెద్దదైనకొద్దీ ఇంకా మెల్లగా వాయించింది, మేమంతా ముందుకు వంగి విన్నాం. మీ వైపు ఇంకా అలాంటి ఇళ్ళు మిగిలి ఉన్నాయి. అడిగి చూడండి, పెద్దవాళ్ళున్న ఇళ్ళలో కాదనరు.

సభ ఎలా నడపాలి అన్నదాని మీదే అన్నీ ఆధారపడి ఉంటాయి. వచ్చిన ప్రతివాళ్ళూ వాయించాలి, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, అంతే. బాగా వాయించేవాళ్ళకి పదిహేను నిమిషాలు, కొత్తవాళ్ళకి రెండు నిమిషాలు అని మొదలుపెట్టారంటే ఆరు నెలల్లో అది ఇద్దరు ముగ్గురి కచేరీ అయిపోతుంది. మిగతావాళ్ళు కుర్చీల్లో కూర్చునే జనం అయిపోతారు, ఆ తర్వాత రారు. చర్చి పాటా, కీర్తనా, సినిమా పాటా, పడమటి రచనా ఏదైనా వాయించవచ్చు, ఇది ఎందుకు వాయించావని ఎవరూ అడగకూడదు. పాట గురించి చెప్పాలనుకుంటే రెండు మాటలు చెప్పి వాయించేయాలి.

ముఖ్య అతిథిని పిలవకండి. ఇది నేను బాధతో చెబుతున్నాను. మొదటి వార్షికోత్సవానికి ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒకాయన్ని పిలిచాం. గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఆయన కోసం ఆగాం, వచ్చాక జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, నలుగురి ఉపన్యాసాలు. పిల్లల్ని చివరికి నెట్టేశాం. అంతర్వేది వైపు నుంచి ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చింది, రెండు నెలలు ప్రాక్టీసు చేసింది, అమ్మ కొత్త పరికిణీ కుట్టించింది. చీకటి పడుతోందని వాళ్ళ నాన్న లేచారు. ఆ పిల్ల పియానో వైపు ఒకసారి చూసి, చేతిలో కాగితాలు చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తర్వాత ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను, "పర్వాలేదు సార్" అంది అంతే. అప్పటినుంచి మాకు వేదిక లేదు, మైకు లేదు, శాలువా లేదు. దూరం వెళ్ళాల్సిన పిల్లలు మొట్టమొదట వాయిస్తారు.

భయం సంగతి కూడా చెప్పాలి, మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి. ఇంట్లో యాభైసార్లు వచ్చింది నలుగురి ముందు రాదు. చేతులు చల్లబడతాయి, చెమటకి వేళ్ళు జారతాయి, గుండె వేగంగా కొట్టుకోవడంతో లయ తెలియకుండానే పెరిగిపోతుంది. ఇది అందరికీ ఉంటుంది. మేము చేసేవి మూడు. సభకి అరగంట ముందు గది తెరిచి ప్రతివాళ్ళనీ ఐదు నిమిషాలు ఆ పియానో మీద వేళ్ళు ఆడించుకోనిస్తాం, కొత్త మెట్ల బరువు చేతికి తెలియాలి కదా. ఎవరికైనా కాగితం చూసి వాయించే హక్కు ఉంటుంది, కంఠస్థం రావాలని లేదు. ఇక ప్రాక్టీసులోనే రచనని నాలుగైదు ముక్కలుగా చేసుకుని ప్రతి ముక్క మొదటి నుంచి ఎత్తుకోగలిగేలా అలవాటు చేసుకోమంటాం. మధ్యలో దారి తప్పితే మళ్ళీ మొదటికి వెళ్ళకుండా తర్వాతి ముక్కలోకి దూకేస్తారు. వినేవాళ్ళలో సగం మందికి తెలియనే తెలియదు. వీటికి తోడు, మొదటిసారి వాయించేవాళ్ళు కష్టమైనది పట్టుకొస్తే నేను ఒప్పుకోను. ఏడాది కిందట నేర్చుకుని ఇప్పుడు నిద్రలో కూడా వాయించగలిగేది తెమ్మంటాను.

వాయించాక ఎవరూ తప్పులు చెప్పకూడదు. చప్పట్లు కొట్టాలి, కావాలంటే ఒక ప్రశ్న అడగొచ్చు, ఇది ఎక్కడ నేర్చుకున్నారు అనో, ఆ మధ్యలో వేసిన కార్డు ఏమిటి అనో. సలహా కావాలంటే వాయించినవాళ్ళే టీ తాగేటప్పుడు అడుగుతారు. మాకు చాలా బాగా వాయించే ఒకాయన ఉండేవారు, మంచి మనసే, కానీ ప్రతివాళ్ళకీ వేలు ఎక్కడ పెట్టాలో అందరి ముందూ చెప్పేవారు. నలుగురు ఆడవాళ్ళు మానేసేదాకా నేను ఏమీ అనలేదు. మా సభలు రెండోసారి ఆగింది అందువల్లే. ఆ రోజుల్లోనే నేను నోరు విప్పి ఉండాల్సింది. మీరు ఆలస్యం చెయ్యకండి, మొదటి సభలోనే చెప్పేయండి. వీడియోలు కూడా అంతే. వాయించినవాళ్ళు సరేనంటేనే వాట్సాప్‌లో పెట్టాలి, పిల్లలదైతే అమ్మానాన్నలు ఒప్పుకోవాలి. మొదటిసారి వాయించేవాళ్ళది అసలు తీయకపోవడం మంచిది.

కొన్ని చిన్న విషయాలు, వీటివల్లే సభలు పాడవుతుంటాయి. డిజిటల్ పియానోతో వచ్చే పెడల్ గ్రానైట్ నేల మీద జారిపోతుంది. పాపం వాయించేవాళ్ళ కాలు దాని వెనకే వెళ్ళిపోతుంది, చేతులు ఇక్కడ, కాలు అక్కడ. కింద గోనెపట్టా పరవండి, లేదా రబ్బరు మ్యాట్ వేసి పెడల్‌ని టేపుతో అంటించండి. స్విచ్ వేసేటప్పుడు పెడల్ మీద కాలు ఉండకూడదు, చాలా కీబోర్డుల్లో అలా చేస్తే పెడల్ తలకిందులుగా పనిచేస్తుంది, తొక్కితే ఆగుతుంది, వదిలితే సాగుతుంది. అలాంటప్పుడు కంగారుపడకుండా ఆపి మళ్ళీ వేయండి. బ్లూటూత్ స్పీకర్ వాడకండి, మెట్టు నొక్కాక శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఎంత బాగా వాయించేవాళ్ళైనా తడబడతారు. వైరుతోనే కలపండి. కుర్చీ ఎత్తు మోచెయ్యి మెట్లకి సమంగా వచ్చేలా ఉండాలి, పిల్లలకి దిండ్లు సిద్ధంగా పెట్టుకోండి.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మొదటి ఆరు నెలలు చందా తీసుకోకండి. పియానో మీ ఇంట్లోది, టీ వంతులవారీగా. నిలబడిందనిపించాక నెలకి ఎంతో కొంత పెట్టుకోండి, మేము వంద తీసుకుంటున్నాం, పిల్లలకి లేదు. లెక్క ప్రతి సభ చివరా పైకి చదవండి. సొసైటీ రిజిస్ట్రేషన్ అప్పుడే అక్కర్లేదు. బ్యాంకు ఖాతా, క్లబ్ పేరు మీద వాయిద్యం కావాలనుకున్నప్పుడు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద చేసుకోవచ్చు, కనీసం ఏడుగురు సభ్యులుండాలి.

సినిమా పాటలు వాయిస్తే కాపీరైట్ సమస్య వస్తుందా అని అడిగారు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో ఇలాంటివాళ్ళ కోసమే ఒక వెసులుబాటు ఉంది. అమెచ్యూర్ క్లబ్ గానీ సొసైటీ గానీ టికెట్ లేకుండా వచ్చినవాళ్ళ ముందు సంగీతం ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కిందకి రాదు. టికెట్ పెడితే ఆ రక్షణ పోతుంది. యూట్యూబ్‌లో పెట్టడం పూర్తిగా వేరే సంగతి, దానికి ఈ వెసులుబాటు వర్తిస్తుందనుకోకండి. ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే పోలీసుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మామూలుగా కుదరదు. గది లోపల పదిహేను మందికి పియానో సొంత స్పీకర్లే చాలు కాబట్టి మాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

మీ మొదటి సభకి నలుగురు వస్తే అది మంచి సభే. మాకు వచ్చింది ముగ్గురు, నాతో కలిపి. గంటసేపు వాయించుకుని, ఇంకో గంట మాట్లాడుకుని, వచ్చే నెల తలా ఒకరిని తీసుకొద్దామనుకున్నాం. ఇద్దరు తీసుకొచ్చారు. ఈ నెలలో ముందు రిపేరు షాపుకి వెళ్ళండి, తర్వాత మీ ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక కీబోర్డు సర్దుకుంటున్న కుర్రాడితో మాట్లాడండి, మీ వైపు పాత హార్మోనిస్టు ఎవరున్నారో ఏ భజన మందిరంలో అడిగినా చెబుతారు. ఈ ముగ్గురూ దొరికాక రెండో శనివారం కాకుండా వేరే శనివారం చూసి తేదీ పెట్టుకుని నాకు చెప్పండి. మా 88 మెట్ల పియానో ఆ రోజు ఖాళీగానే ఉంటుంది. చించినాడ వంతెన మీదుగా ఆటోలో నేనే తీసుకొస్తాను, పెడల్ కింద పరిచే గోనెపట్టాతో సహా. మీకు అలవాటైన పాట ఒకటి సిద్ధం చేసుకోండి, కుడివైపు మీరు కూర్చోండి, ఎడమవైపు నేను కూర్చుంటాను.